సీసా పడితే రాయాలి

మా మేనమామ దగ్గర కారు నేర్చుకున్నప్పుడు రాసిన నోటుబుక్కు ఇంకా నా దగ్గరుంది. వంద పేజీల మామూలు రూళ్ల పుస్తకం. ప్రతి పేజీలో మూడు గళ్లు: తేదీ, ఎక్కడ, ఎందుకు. సడన్ బ్రేకు కొట్టాల్సి వచ్చిన ప్రతిసారీ అందులో ఒక వరస రాయాలని మామ షరతు పెట్టాడు. అందులో మొత్తం నలభై ఒక్క వరసలున్నాయి. నలభై నావి, పదకొండు నెలల్లో రాసినవి. చివరిది తమ్ముడిది.

అసలు నేను కారు నేర్చుకోవడానికి కారణం వాడే. 2021 నవంబరులో వాడికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. వానాకాలం కోతలప్పుడు మా దిక్కు రోడ్లు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, వాటి చుట్టూ రాళ్లు. రాత్రి మంచుకు తడవకుండా కుప్ప చేసి నల్ల పట్టా కప్పుతారు. తారు రోడ్డు నలుపు, పట్టా నలుపు. రాత్రి ఎనిమిదింటికి వాడు నాన్న బండి తీసుకుని ట్యూషన్ నుంచి వస్తున్నాడు. ఎదురుగా వచ్చే ట్రాక్టర్ లైటు కళ్లలో పడిందట. పక్కకు తిప్పాడు. పక్కన కుప్ప.

హెల్మెట్ ఉంది. పెట్రోల్ ట్యాంకు మీద ఉంది. కుడి తొడ ఎముక రెండు ముక్కలైంది, దవడ పగిలింది, తలకు తగిలిన దెబ్బతో రెండు రోజులు వాడు నన్ను గుర్తుపట్టలేదు. వెనక వస్తున్న పాల వ్యాన్ అతను ఆగి 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేదాకా వాడి తల కదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. ఆయన పేరు అడగడం కూడా మాకు తట్టలేదు. తొడలో రాడ్ వేశారు. నాలుగు నెలలు మంచం. ఆ ఏడాది పరీక్షలు పోయాయి.

అది ఎవరి కుప్పో ఊళ్లో అందరికీ తెలుసు, కానీ ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అంతకు ముందు యాసంగికి నాన్న కూడా అదే రోడ్డు మీద ఆరబోశారు. మా కుప్పకూ నల్ల పట్టాయే కప్పాం. రాళ్లు పేర్చింది నేనే.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పదహారేళ్ల వయసు నుంచి నేను స్కూటీ మీద కాలేజీకి పోయేదాన్ని, లైసెన్సు లేకుండా. గేర్లు లేని బండికి లైసెన్సు అక్కర్లేదని మా ఊళ్లో అందరిదీ ఒకటే మాట. అది నిజం కాదు. పదహారేళ్లకు చట్టం ఇచ్చిన వెసులుబాటు 50 సీసీ దాటని గేర్లులేని బండికే, దానికీ లైసెన్సు తీసుకోవాలి. మా స్కూటీ 110 సీసీ. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక, మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఇవన్నీ నాకు తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నప్పుడు తెలిశాయి. లైసెన్సు లేని పిల్లవాడు నడిపాడు కాబట్టి బండి డ్యామేజీకి ఇన్సూరెన్సు రాలేదు. నాన్న దాని గురించి ఒక్క మాట అనలేదు. బండి తాళం చెవులు, స్కూటీ తాళం చెవులు బీరువాలో పెట్టి, ఇక ఈ ఇంట్లో పిల్లలెవరూ బండి ముట్టొద్దన్నారు.

అలా తాళాలు దాచొద్దన్నది మామే. మా అమ్మ తమ్ముడు, ఆర్టీసీలో ఇరవై తొమ్మిదేళ్లు డ్రైవర్‌గా చేసి అప్పుడే రిటైరయ్యాడు. ఆ ఇరవై తొమ్మిదేళ్లలో ఆయన చేతిలో ఒక్క యాక్సిడెంట్ లేదు. "బావా, తాళం బీరువల పెడితే రేపు దోస్తుగాని బండి తీస్కపోతడు. దాచిపెట్టుడు గాదు, నేర్పాలె" అన్నాడు. నాకు అప్పటికి ఇరవై నిండాయి. ముందు నన్ను నేర్చుకోమన్నాడు. అయితే లైసెన్సు వచ్చేదాకా తన దగ్గరికి రావద్దనీ, అది డ్రైవింగ్ స్కూల్లో తెచ్చుకోమనీ చెప్పాడు.

ఎల్‌ఎల్‌ఆర్, అంటే లెర్నర్ లైసెన్సు, పరీక్ష కంప్యూటర్ మీద ఇరవై ప్రశ్నలు, పన్నెండు వస్తే పాస్. ఆ తర్వాత ముప్ఫై రోజులు ఆగితే గానీ డ్రైవింగ్ టెస్టుకు స్లాట్ రాదు. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు పనిచేస్తుంది. డ్రైవింగ్ స్కూల్లో ఇరవై రోజులు, రోజుకు అరగంట. సారు పక్క సీట్లో కూర్చునేవారు, ఆయన కాళ్ల కింద కూడా క్లచ్, బ్రేకు ఉండేవి. ఎక్కడైనా నేను తడబడితే బండి దానంతటదే ఆగిపోయేది. అది ఆయన ఆపుతున్నారన్న సంగతి మూడో రోజుకు గానీ నాకు అర్థం కాలేదు. చివరి వారమంతా టెస్టు కోసమే. ఎనిమిది, హెచ్ ఆకారాల్లో నడపడం, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా ఎక్కించడం. "ఎడమ అద్దంలో నాలుగో కర్ర కనపడగానే స్టీరింగ్ ఫుల్లుగా తిప్పెయ్, అంతే" అనేవారు. నేను ఆ కర్రలను బట్టీ పట్టాను. టెస్టు రోజు ఒక్క కర్ర కూడా పడలేదు. గేటు బయట ఒక ఏజెంటు, ట్రాక్ మీదికి పోకుండానే పని చేయిస్తానని నా ముందున్న అబ్బాయితో బేరమాడుతున్నాడు. అబ్బాయి ఒప్పుకున్నాడో లేదో చూడలేదు. కానీ ఆ రోజు నేను, ట్రాక్ మీద పాసయ్యాను కాబట్టి నాకు బండి వచ్చేసిందనే అనుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆ ఆదివారం మామ తన పాత వ్యాగనార్ తెచ్చాడు. తాళం నా చేతికి ఇవ్వలేదు. తనే నడిపి, అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు పక్కన ఒక టీ బండి దగ్గర ఆపాడు. రెండు టీలు చెప్పి, స్టూలు రోడ్డు వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"ఆ ఆటో ఇప్పుడు ఏం జేస్తది?" అన్నాడు.

నేర్చుకోవడానికి వచ్చి ఆటోను చూడడమేంటని నేను ఊరుకున్నాను. ఆటో గభాలున రోడ్డు మధ్యలోంచి ఎడమకు కోసి ఆగింది. వెనక బైకు అతను కేకేశాడు.

"అక్కడ చెట్టు కింద ఒకామె సంచి చంకల పెట్టుకుని చెయ్యెత్తింది. ఆటోవోడు ఆమెను జూసిండు. నువ్వు ఆటోను జూసినవు. నువ్వు జూడాల్సింది ఆమెను."

గంటన్నర అక్కడే కూర్చున్నాం. పంచె కట్టుకున్న ముసలాయన ఒకరు మోపెడ్ మీద పోతున్నారు. ఇండికేటర్ వేయరు, వెనక్కి చూడరు. కానీ కుడికి తిరిగే ముందు భుజం కాస్త వంగుతుంది. ఆగి ఉన్న డీసీఎం వ్యాన్ కదలబోతోందా లేదా చెప్పాలంటే ముందు చక్రం వైపు చూడాలి, చక్రం తిరిగి ఉంటే వస్తుంది. ఒక కుక్క దాటిందంటే రెండోది వెనకే ఉంటుంది. స్టాపులో ఆగిన బస్సు ముందు నుంచి మనిషి హఠాత్తుగా బయటికి వస్తాడు, ఆ మనిషి బస్సు చాటున ఉన్నా కాళ్లు బస్సు కింది నుంచి కనపడతాయి. ఈ చివరిది నేను ఇప్పటికీ రోజూ వాడతాను. హైదరాబాదులో సిటీ బస్సును దాటేటప్పుడల్లా నా కళ్లు ముందు బస్సు కిందికి పోతాయి.

డ్రైవింగ్ స్కూల్లో నా చూపంతా బానెట్ చివర మీద ఉండేది. ముందున్న బండి తోక వరకు చూడడమే చూడడం అనుకున్నాను. మామ చూపు ఎప్పుడూ దూరంగా మొదలై దగ్గరికి వస్తుంది, మధ్యలో అద్దాల్లోకి పోయి మళ్లీ దూరానికి పోతుంది. బస్సు నడిపినప్పుడు ఆయన వెనక యాభై మంది కూర్చుని ఉండేవాళ్లు, ఇరవై మంది నిలబడి ఉండేవాళ్లు. "నా బస్సుల నిలబడ్డ ముసలమ్మ తూలొద్దు. అదొక్కటే నా లెక్క. ముసలమ్మ తూలిందంటే నేను ముందట ఏదో జూడలే అన్నట్టు" అనేవాడు.

కారులో ముసలమ్మ ఎక్కడ నిలబడుతుంది? అందుకని ఒక లీటరు నీళ్ల సీసాను సగం నింపి, నా పక్క సీటు ముందు కాళ్లు పెట్టుకునే చోట నిలబెట్టాడు. అది పడితే పుస్తకంలో రాయాలి. "ఎందుకు" అన్న గడిలో అవతలివాడి పేరు రాయకూడదు.

ఈ చివరి షరతుకు నేను ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. మొదటి వరస ఇలా ఉంది: "మార్చి 6. వేములపల్లి దాటాక. ఆటో సడన్‌గా ఆగింది." మామ ఎర్ర పెన్నుతో "ఆటో సడన్‌గా ఆగింది" కొట్టేసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టాడు. నాకు కోపం వచ్చింది. తప్పు ఆటోది. పోలీసు వచ్చినా అదే అంటాడు. "తప్పు వానిదే బిడ్డా. నేను కాదంటలేను. కానీ వాని తప్పును నువ్వు దిద్దలేవు గదా. నీ చేతుల ఉన్నదేందో అది రాయి." చివరికి ఆ గడిలో "ఆటోకు మరీ దగ్గరగా పోతున్నాను, రోడ్డు పక్కన మనుషులను చూడలేదు" అని రాశాను.

తర్వాతి వరసలు చూస్తే నేను ఎక్కడెక్కడ గుడ్డిగా నడిపానో కనపడుతుంది. "బడి గేటు. పిల్లలు. సమయం నాలుగున్నర అని గుర్తులేదు." "స్పీడ్ బ్రేకర్, గీతలు లేవు. ముందు పోయే బైకు ఎగిరింది, చూసి కూడా పట్టించుకోలేదు." "గడ్డి ట్రాక్టర్, వెనక లైటు లేదు. ఎదుటి బండి లైటు ఆర్పేదాకా ఆగలేదు." "ఫోన్ మోగింది. ఎత్తలేదు, కానీ చూశాను."

ఆ చివరిదానికి మామ ఏమీ కొట్టేయలేదు. దానికి బదులు మరుసటి రోజు పొద్దున ఆరింటికి నన్ను ఖాళీగా ఉండే ఒక చెరువు కట్ట పక్క రోడ్డుకు తీసుకుపోయాడు. వెనకా ముందూ ఎవరూ లేరని అద్దంలో రెండుసార్లు చూపించి, నలభైలో పొమ్మన్నాడు. ఎక్కడో ఒకచోట "ఆపు!" అని అరిచాడు. ఆపాను. ఆయన అరిచినప్పుడు పక్కనున్న చెట్టును గుర్తు పెట్టుకుని, దిగి అంగలు లెక్కపెట్టమన్నాడు. ఇరవై అయిదు అంగలు. మళ్లీ అరవైలో. ఈసారి నలభై ఆరు. అరుపు వస్తుందని నాకు ముందే తెలుసు, కాలు సిద్ధంగానే ఉంది. అయినా నలభై ఆరు. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది, ఆగే దూరం దాదాపు రెండింతలయింది. బ్రేకు పట్టాక బండి జారే దూరం వేగానికి వర్గంలో పెరుగుతుందని ఇంటర్ ఫిజిక్సులో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అంగలతో నడిచినప్పుడు గానీ అది నాకు తెలియలేదు.

తర్వాత కారులో కూర్చోబెట్టి ఫోన్ నా చేతికిచ్చి, ఎవరు మెసేజ్ పెట్టారో చూసి చెప్పమన్నాడు. నేను చూసి తలెత్తేసరికి రెండు సెకన్లు. అరవైలో రెండు సెకన్లంటే ముప్ఫై మూడు మీటర్లు. మళ్లీ దిగి నడిచాను, నలభై నాలుగు అంగలు. ఆ నలభై నాలుగు అంగలూ కారు కళ్లు లేకుండా పోయింది. తర్వాత బ్రేకు వేయడం మొదలుపెడితే ఇంకో నలభై ఆరు. నేను ఆ చివర నిలబడి వెనక్కి చూస్తే కారు బొమ్మంత కనపడింది. అప్పటి నుంచి ఫోన్ డ్యాష్‌బోర్డు అరలో ఉంటుంది. మ్యాప్ బయల్దేరకముందే పెట్టుకుంటాను, దారి తప్పితే పక్కకు ఆపి చూసుకుంటాను. ఆఫీసు నుంచి ఎవరు ఫోన్ చేసినా ఎత్తను. దీనికి మాటలు కూడా పడ్డాను. పడతాను.

సీటు బెల్టు సంగతి క్లుప్తంగా చెప్తాను. వెనక సీట్లో అమ్మ పెట్టుకోనంటే మామ కారు స్టార్ట్ చేయలేదు. పెళ్లికి ఆలస్యమవుతున్నా చేయలేదు. ముహూర్తం పావుగంటలో ఉందని అమ్మ ఏడ్చినంత పని చేసింది. మామ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. అమ్మ పెట్టుకుంది. ఇప్పుడు ఎవరి కారెక్కినా ముందు బెల్టే వెతుకుతుంది.

నేను కారు నేర్చుకున్న ఆ 2022లోనే దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అది కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో దాదాపు 44 శాతం మంది తమ్ముడిలాగే రెండు చక్రాల బండి మీద పోయేవాళ్లు. పాల వ్యాన్ ఆయన ఆగకపోతే అంతకు ముందటి ఏడాది లెక్కలో ఒకటి ఎక్కువయ్యేది. అలా ఆగినవాళ్లను పోలీసు స్టేషన్ల చుట్టూ తిప్పకూడదనీ, పేరు చెప్పమని బలవంతం చేయకూడదనీ సుప్రీంకోర్టు 2016లోనే మార్గదర్శకాలకు ఆమోదం ఇచ్చింది, 2019 సవరణలో అది చట్టంలోకి కూడా వచ్చింది. మా ఊళ్లో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. అందుకే కనపడిన ప్రతివారికీ చెప్తుంటాను.

ఆ పుస్తకంలో ఒక వరసకు మాత్రం సీసా పడలేదు, అయినా రాశాను. డిసెంబరులో నలుగురు స్నేహితులం హైదరాబాదు నుంచి విజయవాడకు బయల్దేరాం. రాత్రి పదకొండున్నరకు మొదలవుదాం, తెల్లారేసరికి దుర్గమ్మ దర్శనం అన్నారు. కారు నాదే, నడిపేది నేనే. చౌటుప్పల్ దాటేదాకా అందరూ పాటలు పాడారు, నార్కట్‌పల్లి దాటేసరికి ముగ్గురూ పడుకున్నారు. సూర్యాపేట ఇంకా ఎంత దూరమో చూద్దామని బోర్డు చదివాను. కాసేపటికి మళ్లీ బోర్డు చూస్తే, మధ్యలో వచ్చిన రోడ్డు నాకు గుర్తులేదు. వంపు ఉందా, లారీలను దాటానా, ఏమీ గుర్తులేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. "నిద్ర హారన్ కొట్టి రాదు బిడ్డా" అని మామ అన్నది అప్పుడు అరిచినట్టు వినపడింది.

రోడ్డు అంచున ఆపలేదు. రాత్రిపూట హైవే అంచున ఆగిన బండిని వెనక నుంచి లారీ గుద్దడం ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు జరిగిందో మా జిల్లా వాళ్లకు తెలుసు. కిటికీ అద్దం దించి, ఎడమ వరసలోకి వచ్చి, నెమ్మదిగా పోయి, లైట్లున్న ఒక ధాబా ఆవరణలోకి తిప్పాను. ఇక్కడ పడుకుందామన్నాను. ఒకమ్మాయి, ఇంకో రెండు మూడు గంటలేగా, టీ తాగితే చాలదా అంది. ఇంకొకరు తను నడుపుతానంది. తనకు లైసెన్సుంది, కానీ తనూ ఇప్పుడే లేచింది. తాళం నా జేబులోనే పెట్టుకున్నాను. సీట్లు వెనక్కి వాల్చి తెల్లారేదాకా పడుకున్నాం. వాళ్లలో ఒకరు నాతో రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. పుస్తకంలో "ఎందుకు" గడిలో "పదకొండున్నరకు బయల్దేరడానికి ఒప్పుకున్నాను" అని రాశాను. అంతకుమించి అందులో తప్పు లేదు, అంతకుమించి కారణమూ లేదు.

తమ్ముడు నాలుగు నెలల తర్వాత లేచాడు, ఆరో నెలలో కర్ర వదిలాడు. చలికాలంలో తొడ ఇప్పటికీ నొప్పి పెడుతుంది. పద్దెనిమిది నిండాక నాన్న వాడిని అడిగారు, ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుంటావా అని. వద్దన్నాడు. పంతొమ్మిదికి కూడా వద్దన్నాడు. నాన్న యాసంగి వడ్లు ఇప్పుడు పొలం గట్టు పక్కనే పట్టాలు పరిచి ఆరబోస్తారు, కూలి ఎక్కువవుతుంది. ఊళ్లో మిగిలినవాళ్లు రోడ్డు మీదే పోస్తున్నారు. కొందరు రాళ్లకు రేడియం స్టిక్కర్లు అంటించారు, అవి నేను తెచ్చి పంచినవే. కల్లాలు లేనివాళ్లు ఏం చేస్తారు? వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు.

కిందటి ఏడాది వాడికి ఇరవై. తనే వచ్చి అక్కా, నేర్పుతావా అన్నాడు. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాడు, ముందూ వెనకా ఎల్ బోర్డు అంటించాం, పక్క సీట్లో నేను. నా చెయ్యి హ్యాండ్ బ్రేకు మీదే ఉండేది. వాడికి నేనూ టీ బండి దగ్గరే మొదలుపెట్టాను. ఆటోను చూడు అనగానే వాడు చెట్టు కింద మనిషిని చూపించాడు. నేను రెండు నెలలు తీసుకున్నది వాడికి ముందే వచ్చింది.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం చీకటి పడుతుండగా ఇంటికి వస్తున్నాం. నలభై లోపే పోతున్నాడు. రోడ్డు ఖాళీ. ఉన్నట్టుండి బ్రేకు తొక్కాడు. సీసా పడి నా కాళ్ల మీదికి దొర్లింది. వెనక అద్దంలో చూశాను, ఎవరూ లేరు. ముందు చూశాను, ఏమీ లేదు. ఎడమ పక్క తుమ్మ చెట్టు చూశాక ఎక్కడ ఉన్నామో తెలిసింది. పక్కకు ఆపించి, హజార్డ్ లైట్లు వేసి, కాసేపు అలాగే కూర్చున్నాం. వాడి చేతులు స్టీరింగ్ మీద నుంచి రాలేదు. తర్వాత తనే మెల్లగా కదిలించి ఇంటిదాకా నడిపాడు.

రాత్రి నా పుస్తకం అడిగి తీసుకుని నా నలభై వరసల కింద రాశాడు. తేదీ రాశాడు. చోటు రాశాడు. "ఎందుకు" గడిలో, "ఇక్కడ కుప్ప ఉంటుంది."

ఆదివారం మామ వచ్చి కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. ఎర్ర పెన్ను జేబులోంచి తీశాడు. చాలాసేపు చూసి, క్యాప్ పెట్టేసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "రాత్రి పూట ఇంకో నాలుగు సార్లు ఆ దారిలనే తీస్కపో" అన్నాడు నాతో. తీసుకుపోయాను. నాలుగోసారి సీసా పడలేదు.